అమ్మ మీదుగా

తలకు నూనె రాసుకోకుండా రావాలని ఫోనులో చెప్పేసరికి మంగతాయారు గుండె గుభేలుమంది. ఆవిడకు తెలిసినంతలో నూనె లేని తల మైలపట్టిన ఇంట్లోనే ఉంటుంది.

"ఎందుకండీ? పిల్లకేమైనా అయిందా?" అంది, ఫోను రెండు చేతుల్తో పట్టుకుని.

"ఏమీ కాలేదు ఆంటీ. నూనె ఉంటే టోపీలో తీగలు తలకి ఆనవు. షాంపూతో రుద్దుకుని రండి, చాలు," అంది అవతల పరిశోధనశాల నుంచి నస్రీన్.

ఆ మాట నమ్మేస్తే ఆవిడ మంగతాయారే కాదు. తల రుద్దుకుంటున్నంతసేపూ, ఏదో అయింది, ఎదురుగా కూర్చోబెట్టి నెమ్మదిగా చెబుదామని పిలుస్తున్నారు అనుకుంటూనే ఉంది. కొండ మీదికి ఆటోలో వెళ్తూ మొగుడితో అదే అంది. వీర్రాజు పాతికేళ్ళుగా వ్యాను తోలుతున్న మనిషి. ఇంకొకడు తోలుతుంటే వెనక కూర్చోవడమే ఆయనకు చిన్నతనం, పైగా ఈ గోల.

"నీ బుర్రలో టీవీ ఒకటి ఎప్పుడూ ఆడతా ఉంటది మంగా. అందులో ఒక్కటే చానెలు," అన్నాడు.

వకుళ వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. పాలిటెక్నిక్ చదివి, సెల్‌ఫోన్ టవర్లెక్కి యాంటెన్నాలు బిగించే పనిలో చేరింది. మగపిల్లలే భయపడే పని. తాళ్ళరేవు నుంచి తుని దాకా ఏ టవరు కనబడినా "అది మా పిల్ల ఎక్కిందే" అనేవాడు వీర్రాజు. "క్షేమంగా దిగింది కదా" అనుకునేది మంగతాయారు. గాలి వీస్తే ఫోను, మబ్బు పడితే ఫోను. ఆకాశం నుంచి ఏ కష్టం వచ్చి పడుతుందోనని మెడ ఎత్తి కాపలా కాసింది.

కష్టం నేల మీదే వచ్చింది. ఒక ఆదివారం తల్లి పక్కన చాప మీద కూర్చుని పనసతొనలు వలుస్తూ, "అమ్మా, తల ఏంటోలా ఉందే," అని వకుళ పక్కకి ఒరిగిపోయింది. చేతికి పనసజిగురు అలాగే ఉంది. మెదడుకీ మెడకీ మధ్య, వేలెడు చోట, రక్తనాళం చిట్లింది. ఒంటి నుంచి మెదడుకు వెళ్ళే దారులూ, మెదడు నుంచి ఒంటికి వచ్చే దారులూ తెగిపోయాయి. చూపు లేదు. వినికిడి లేదు. చెయ్యి పట్టుకుంటే తెలియదు. లోపల మాత్రం పిల్ల పూర్తి మెలకువతో ఉందన్నారు డాక్టర్లు. వాళ్ళు చెప్పిన అన్నిట్లోకీ తల్లిని ఎక్కువ భయపెట్టింది ఆ చివరి మాటే.

విశాఖపట్నంలో కొండ మీది పరిశోధనశాల వాళ్ళు వకుళను తీసుకున్నది అందుకే. పుర్రె కింద రూపాయి బిళ్ళంత చిప్పు అమర్చారు. అందులో ఉన్న ప్రోగ్రాం మెదడులో మెదిలిన మాటను పట్టుకుని, ఇంటర్నెట్‌లో హైదరాబాదులోని పెద్ద కంప్యూటరుకు పంపాలి. అది దాన్ని తెలుగు మాటగా మార్చి తిరిగి తెర మీదికి పంపాలి. తీరా చూస్తే తెర మీదికి వచ్చినవన్నీ అర్థం లేని అక్షరాలు.

"నేరుగా వెళ్తుంటే అవతలి కంప్యూటరుకి ఎక్కడం లేదు ఆంటీ," అంది నస్రీన్. ముప్పయ్యేళ్ళు నిండాయో లేదో అన్నట్టుండే శాస్త్రవేత్త. మాట్లాడేటప్పుడు పెన్ను మూత కొరుకుతుంది. "మధ్యలో ఇంకొకరుండాలి. తన తరఫున మాట అందుకుని అవతలికి అందించడానికి. దాన్ని ప్రాక్సీ అంటాం."

"ఆ మాట తెలుసండీ," అంది మంగతాయారు. "పాలిటెక్నిక్‌లో దీని బదులు ఎవత్తో ప్రెజెంట్ సార్ అందని ప్రిన్సిపాల్‌గారు మమ్మల్ని పిలిపించేరు."

"అప్పుడిది కాకినాడ బీచిలో ఉందండి, మొక్కజొన్న పొత్తు తింటా," అన్నాడు వీర్రాజు. అక్కడికి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

నస్రీన్ కూడా నవ్వింది. "అలాంటిదే అంకుల్. ఇక్కడ ప్రెజెంట్ చెప్పాల్సింది ఆంటీ. వకుళకి మొదటి మాటలు నేర్పింది మీరు కదా. ఏ మాట మెదడులో ఏ మూల కూర్చుంటుందో, ఆ అమరిక మీ ఇద్దరిలో చాలావరకు ఒకేలా ఉంది. తన మాట ముందు మీ తలలోకి వస్తుంది, అక్కణ్ణించి బయటికి వెళ్తుంది. మేమడిగేది కూడా మీ మీదుగానే తనకి చేరుతుంది. అవతలి కంప్యూటరుకి కనబడేది మీరొక్కరే. మీ వెనక వకుళ ఉందని దానికి తెలియనే తెలియదు."

మంగతాయారు కాసేపు ఆలోచించింది. "మా అత్తారింట్లోలాగన్నమాట. కాపరానికెళ్ళిన కొత్తలో మావగారి ఎదురుగా మాట్లాడకూడదు. ఏం కావాలన్నా అత్తగారికి చెప్తే, 'అమ్మాయి ఇలాగంటందండీ' అని ఆవిడ ఆయనకి చెప్పేది."

"అంతే ఆంటీ! కరెక్టుగా అదే!"

"కానీ ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఏనాడూ చెప్పలేదమ్మా. నాల్రోజులు పుట్టింటికెల్తానంటే, 'ఒంట్లో నలతగా ఉందంట, ఇప్పుడొద్దంటంది' అనేది."

"మనుషులతో ఆ ఇబ్బంది ఉంది. ఇది మెషీను కదా. మీరేమీ చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చోండి."

నస్రీన్ ఆవిడ తలకు తీగల టోపీ తొడిగి గడ్డం కింద పట్టీ బిగించింది. కంప్యూటరులో 'నేరుగా' అన్న చోట గుర్తు తీసేసి, 'మధ్యవర్తి ద్వారా' అన్న చోట పెట్టింది. కింద గడిలో ఆ టోపీ నంబరు కొట్టింది.

మంచం మీద వకుళ కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. మంగతాయారు ఆ ముఖం వైపే చూస్తూ కూర్చుంది. ఏమీ కాలేదు. టోపీ వదులుగా ఉందేమో, తన తలలోనే ఏదో లోపం ఉందేమో, తన వల్లే ఇది కూడా పాడైపోతుందేమో. అలా అనుకుంటూ ఉండగా, ఆ అనుకోవడం మధ్యలోంచి, తనది కాని గొంతుతో ఒక తలపు లేచింది. అమ్మా, అంది.

తెర మీద అదే మాట వెలిగింది. వీర్రాజు కుర్చీలోంచి లేచిపోయాడు.

అమ్మా. చీకటిగా ఉంది. భయంగా ఉంది.

"భయపడకే నా తల్లీ, నేనున్నాను," అంది మంగతాయారు. పైకి అందో లోపలే అందో ఆవిడకు తెలియలేదు.

*

కొండ దిగువన కాలనీలో ఒక గది తీసుకున్నారు. పొద్దున్నే గంజి కాచుకుని తాగి, పైకి వెళ్ళి, మధ్యాహ్నం దాకా టోపీ పెట్టుకుని కూర్చుని, తిరిగి వచ్చి వంట చేసుకునేవారు. మిగతా ఇళ్ళ వాళ్ళు, ఈ దంపతులు ఏదో ఆఫీసులో పనికి వెళ్తున్నారనుకున్నారు.

మంగతాయారుకి అది పనే. బతుకులో ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యలేదు. కూతురి గొంతు తన తలలోనే పలుకుతుంటే, కడుపులో మోస్తున్న రోజులు తిరిగి వచ్చినట్టుండేది. వకుళ ఎక్కువ మాట్లాడేది కాదు. అమ్మా, అన్నం తిన్నావా. చీకటి పడకుండా వెళ్ళిపోండి. నాన్నని బీపీ బిళ్ళ మరిచిపోవద్దను. మెట్లు జాగ్రత్త. నన్ను ఒక్కదాన్నీ వదిలి వెళ్ళకు.

ఒక సాయంత్రం వీర్రాజు వంకాయలు తరుగుతూ అన్నాడు:

"మంగా, అది నన్ను 'నాన్నా' అందా?"

"మరేమంటది?"

"పదో తరగతి నుంచీ అది నన్ను నాన్నా అన్నదెప్పుడే? 'వీర్రాజుగారూ, బండి తాళాలిటు పడెయ్యండి' అంటది. మీ బామ్మర్దిలా మాట్లాడతాదేంటని నువ్వే తిట్టేదానివి."

"చావు అంచుల దాకా ఎల్లొచ్చిన పిల్లండి. ఇంకా వేళాకోళాలాడమంటారా?"

"బీపీ బిళ్ళ సంగతి దానికెందుకు? నేనేం బిళ్ళ వేసుకుంటానో దానికెప్పుడూ తెలీదు." కత్తిపీట పక్కకి జరిపాడు. "ఆ మాటలు వింటంటే నాకు నువ్వు మాట్లాడినట్టే ఉంటంది."

మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది. "నా పిల్ల నాలా మాట్లాడితే తప్పా? నా దగ్గర నేర్చుకున్న మాటలు కావా? ఆ మేడంగారు అదే కదా చెప్పింది!" అని, తరిగిన వంకాయలు లాక్కుని నీళ్ళల్లో గుమ్మరించింది.

ఎండలు ముదిరాక పెద్దాసుపత్రి సర్జనులు వచ్చి చూశారు. తెగిన చోట సన్నని నరాల దారం అతికించే పద్ధతి ఒకటి వచ్చిందన్నారు. ఆ దారం పట్టుకుంటే పిల్ల కళ్ళు తెరుస్తుంది, వింటుంది, మెల్లగా చేతులు కూడా కదపొచ్చు. పట్టుకోకపోతే ఆపరేషన్ బల్ల మీదే పోవచ్చు. సగం సగం. గాయం మచ్చ గట్టిపడితే మాత్రం దారం ఇక పట్టనే పట్టదు. వానలు మొదలయ్యేలోపే చెయ్యాలి. పిల్ల మేజరు, తెలివిలో ఉంది కాబట్టి సరే అనాల్సింది తల్లీ తండ్రీ కాదు, వకుళే.

అడిగే రోజున మంగతాయారు ముద్ద కూడా ముట్టలేదు. కొండ ఎక్కుతున్నంతసేపూ ఆవిడ కళ్ళ ముందు ఒక తెల్లదుప్పటి, దాని కింద కదలని పాదాలు. సగం సగం అన్న మాటలో ఆవిడకు వినబడింది ఒక సగమే.

సర్జను ప్రశ్నను నస్రీన్ టైపు చేసింది. అది తన తలలోంచి లోపలికి జారి వెళ్ళడం మంగతాయారుకి తెలిసింది. కాసేపటికి అవతలి నుంచి ఏదో కదిలింది. పెద్ద అలలా లేచింది. వచ్చి తనను తాకింది. అది తాకిన చోటల్లా తన ఒళ్ళు జలదరించింది.

వద్దు, అంది వకుళ గొంతు. నాకు భయం. నన్నిలాగే ఉంచండి. అమ్మ దగ్గరే ఉంటాను.

తెర మీద అక్షరాలు పడుతుంటే మంగతాయారు మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది. ఏడుస్తుంటే, లోపలెక్కడో ఒక బరువు దిగినట్టు కూడా అయింది.

"అది అలాగనదు," అన్నాడు వీర్రాజు, గదిలో ఉన్నవాళ్ళందరి వైపూ చూసి. "ఏవండీ, మీకు తెలీదు. ఈదురుగాలిలో టవరెక్కి, పైనుంచి నాకు ఫోన్ చేసి, సముద్రం కనబడతంది చూస్తారా అన్న పిల్ల. మళ్ళీ అడగండి."

మళ్ళీ అడిగారు. వారం పోయాక ఇంకోసారి అడిగారు. అదే జవాబు. వద్దు. భయం.

రూలు రూలే. సర్జనులు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు కొండ మీద వానలు పడ్డాయి.

*

వానల్లోనే మంగతాయారుకి విషజ్వరం పట్టుకుంది. లేచి నిలబడితే గది గిర్రున తిరిగేది. పిల్ల చీకట్లో నన్ను పిలుస్తూ ఉంటుంది, నేను పలకను, అనుకుని జ్వరంలోనే చెప్పులు వెతుక్కునేది. వీర్రాజు ఆవిణ్ణి పడుకోబెట్టి, ఒక్కడే కొండెక్కాడు.

తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏమైందండీ? పిల్ల బాగుందా?"

"బాగుంది. నువ్వు లేవని, ఆ మేడం ఏదో మార్చింది. ఇన్నాళ్ళూ నీ మీదుగా ఎల్లిన మాటలు వినీ వినీ హైదరాబాదు కంప్యూటరుకి పిల్ల బాణీ పట్టుబడిందంట. ఇంక మజ్జిలో ఎవరూ లేకపోయినా అర్థం చేసుకుంటదేమోనని నేరుగా పెట్టి చూసింది." భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "వచ్చింది. ఒక్కో మాటకీ ఒక యుగం పట్టింది. కానీ వచ్చింది."

"ఏమంది?"

"'వీర్రాజుగారూ' అంది." ఆ మాట అని ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మంగతాయారు మంచం మీద లేచి కూర్చుంది. "ఇంకేమంది?"

"ముందు నువ్వు లే. లేచాక రా."

మొగుడు తన వైపు చూడకపోవడం చూసి, ఆవిడ తలలో టీవీ మొదలైంది. పిల్లకి ఏదో ముంచుకొచ్చింది. చిప్పు పాడైంది. చీము పట్టింది. ఇంకెన్నాళ్ళో ఉండదు. అన్నీ అనుకుంది. అసలు సంగతి ఒక్కటే ఆవిడ అనుకోలేదు.

జ్వరం తగ్గి పైకి వెళ్ళేసరికి వకుళ మంచం పక్కన రెండు తెరలున్నాయి. నస్రీన్ కళ్ళ కింద నల్లగా ఉంది. పెన్ను మూత చేతిలో ఉన్నా కొరకడం లేదు.

"ఆంటీ, ఒకసారి టోపీ పెట్టుకోండి. వకుళ ఏది చెప్పినా ఇవాళ రెండు దారుల్లో వస్తుంది. ఎడమ తెర మీదికి నేరుగా. కుడి తెర మీదికి మీ మీదుగా. మీరు చూడండి, అంతే."

ఎలా ఉన్నావని అడిగారు.

కుడి తెర ముందే వెలిగింది. భయంగా ఉంది అమ్మా.

ఎడమ తెర నత్తలా నడిచింది. విసుగ్గా ఉంది. పని లేదు.

నాన్నకేమైనా చెప్పాలా అని అడిగారు.

కుడి తెర: నాన్నా, బండి నెమ్మదిగా తోలు.

ఎడమ తెర: వీర్రాజుగారూ. గడ్డం గీసుకున్నారా. లేకపోతే ముసలోడిలా ఉంటారు.

వీర్రాజు తెలియకుండానే చెంప తడుముకున్నాడు. నాలుగు రోజుల గడ్డం.

ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగకముందే రెండు తెరలూ కదిలాయి. కుడివైపు, ఆపరేషన్ వద్దు, అని వచ్చి ఆగిపోయింది. ఎడమవైపు ఒక్కొక్క మాటే, మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు ఆగుతూ వచ్చింది. ఆపరేషన్. ఎప్పుడు. సరే. అని. ఎన్నిసార్లు. చెప్పాలి.

మంగతాయారు ఆ మాటల్ని కలుపుకుని చదువుకుంది. మళ్ళీ చదివింది. కుడి తెర వైపు వేలు చూపించి, "ఇది నేనా?" అంది.

"మీరు కావాలని చేసింది కాదు," అంది నస్రీన్ గబగబా. "తప్పు మాది ఆంటీ. మీ తలని మేం ఖాళీ గొట్టం అనుకున్నాం. తన మాట వచ్చి మీ భయంలో పడుతోంది. బయటికి వెళ్ళేసరికి మీ భయమే తన గొంతుతో వెళ్తోంది. అవతలి కంప్యూటరుకి తేడా తెలియదు. దానికి కనబడేది మీరే కదా."

"నాకు దాని గొంతే వినబడిందమ్మా. ఒట్టు. దాని గొంతే."

"తెలుసు ఆంటీ."

"అయితే ఇప్పుడు చేయించెయ్యండి. ఆ డాక్టర్లని పిలవండి. సరే అంటంది కదా. ఏవండీ, ఫోన్ చెయ్యండి." ఆవిడ లేచి నిలబడింది. టోపీ తీగలు బిగుసుకుని మళ్ళీ కుర్చీలోకి లాగాయి.

వీర్రాజు వచ్చి పెళ్ళాం భుజం మీద చెయ్యి వేశాడు. "మొన్నే స్కాను తీసేరు మంగా. మచ్చ గట్టిపడిపోయింది. ఇంక దారం పట్టదంట."

మంగతాయారు గుండెలు బాదుకుంటుందని ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. ఆవిడ బాదుకోలేదు. వకుళ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, టవర్ బోల్టులు బిగించీ బిగించీ అరచేతిలో కాచిన కాయల్ని బొటనవేలితో తడుముతూ కూర్చుంది. పని లేక ఆ కాయలు మెత్తబడిపోతున్నాయి. పుట్టింది మొదలు ఈ పిల్లకి ఏదో అవుతుందని కాపలా కాసింది. ఆ కాపలానే వచ్చి గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

*

వకుళ మర్నాడూ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. ఆపరేషన్ ఎప్పుడు?

"నేను చెప్తాను ఆంటీ. నా బాధ్యత," అంది నస్రీన్.

"నేనే చెప్పాలి," అంది మంగతాయారు. "కానీ నా మీదుగా వద్దు. నేను పంపితే ఏమయి చేరుతుందో నాకే తెలీదు. నేను చెప్తుంటాను, నువ్వు నేరుగా కొట్టు. ఒక్క ముక్క మార్చకు."

టోపీ లేకుండా, మంచానికి దూరంగా స్టూలు మీద కూర్చుని ఆవిడ చెప్పింది. నస్రీన్ టైపు చేసింది. నువ్వు సరే అన్నావు. నా భయం వద్దంది. అది నీ మాటగా వెళ్ళింది. నాకు తెలీలేదు. ఇప్పుడు ఆపరేషన్ కుదరదంట. ఇట్లు, అమ్మ.

నేరు దారి సన్ననిది. ఆ నాలుగు ముక్కలు లోపలికి చేరి, జవాబు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. కిటికీ అవతల వాన మొదలై, వెలిసింది.

ఎవరు, అని వచ్చింది తెర మీద.

"మీ అమ్మని అని కొట్టు," అంది మంగతాయారు.

అమ్మ కాదు. అమ్మ వస్తే వణుకు తెలిసేది. ఇన్నాళ్ళూ చీకట్లో అదొక్కటే ఉండేది. ఇప్పుడు లేదు. అమ్మ పోయిందా. నిజం చెప్పండి.

వీర్రాజు ముందుకు వంగి, "నేను చెప్తాను, కొట్టండి. మీ అమ్మ నిక్షేపంలా ఉందే. నా పక్కనే ఉంది. వీర్రాజు ఒట్టు," అన్నాడు.

వీర్రాజుగారూ. నన్ను ఊరుకోబెట్టకండి. ఎప్పుడు పోయింది.

మంగతాయారు తల పట్టుకుంది. తను బతికుండగానే పిల్ల చీకట్లో ఒక్కతే తనకోసం ఏడవబోతోంది. అక్కడికి వెళ్ళి ఇక్కడే ఉన్నానే అనాలంటే ఆ టోపీ పెట్టుకోవాలి. పెట్టుకుంటే మళ్ళీ పిల్ల మాట పిల్లది కాకుండా పోతుంది.

"ఒక పని చెయ్యొచ్చు," అంది నస్రీన్, ఆలోచిస్తూ. "లోపలికి వెళ్ళే దారి మాత్రం మీ మీదుగా పెడతాను. బయటికి వచ్చేది నేరుగానే ఉంచుతాను. అప్పుడు తన మాట మీ తలలోకి రాదు. మీకేమీ వినబడదు ఆంటీ. మీరున్నారని మాత్రం తనకి తెలుస్తుంది."

"నా భయం దానికెళ్తుంది కదా?"

"మీలో ఏముంటే అది వెళ్తుంది."

భయపడకుండా కూర్చోవాలి. ఎలా కూర్చుంటారో ఆవిడకు తెలియదు. టోపీ తొడిగి పట్టీ బిగిస్తుంటే, ఏదైనా మంచి సంగతి తలుచుకుందామనుకుంది. వకుళకి చిన్నప్పుడు తల దువ్వడం తలుచుకుంది. రెండు జడలు, రిబ్బన్లు. అంతలోనే దువ్వెనకి జుట్టు ఊడొచ్చింది, ఒకసారి టైఫాయిడ్ వచ్చి ఊడినట్టు. అది వదిలేసి, పిల్ల మొదటి జీతంతో కొన్న చీర తలుచుకుంది. ఆ చీర కట్టుకున్న రోజు పెద్ద గాలి, ఫోను ఎత్తలేదు. ఏ తలపు పట్టుకున్నా నాలుగడుగులు వేసి అదే గుమ్మంలోకి పోతోంది. చివరికి ఏమీ పట్టుకోకుండా, వణికే చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు కూర్చుంది. తలలో నిశ్శబ్దం. కూతురి గొంతు అలవాటైపోయిన చోట ఏమీ లేదు.

తెర వెలిగింది.

వచ్చింది.

మళ్ళీ కాసేపటికి: అమ్మే. వణుకుతోంది.

నస్రీన్ కుర్చీ ముందుకు లాక్కుంది. తెర మీద మరో మాట పడింది: అయితే ఆ చెప్పింది అమ్మేనా.

అవునని నస్రీన్ కొట్టింది.

ఇంకెప్పటికీ ఇంతేనా.

నస్రీన్ వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. అబద్ధం కొట్టబోయి మానుకుంది. ఆ ఆపరేషన్ ఇక కుదరదు వకుళా, వేరే దారి వెతుకుతున్నాం, ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేను, అని కొట్టింది.

ఆ తర్వాత తెర చాలాసేపు ఖాళీగా ఉండిపోయింది. మంచం మీద ముఖంలో ఏ మార్పూ లేదు. దీపం వెలుగులో నిద్రపోతున్నట్టే ఉంది. మంగతాయారు తెర వైపే చూస్తోంది. అక్షరాలు మొదలైనప్పుడు ఒక్కొక్కటే కూడబలుక్కుని, పెదవి కదపకుండా చదివింది.

నాకు కోపంగా ఉంది. అమ్మ మీద. చాలా. ఆ మాట అమ్మకి చెప్పకండి. తట్టుకోలేదు. బాగానే ఉన్నానని చెప్పండి.

నస్రీన్ కంగారుగా తెరను తన వైపు తిప్పుకుంది.

"ఏమంటందమ్మా?" అంది మంగతాయారు.

నస్రీన్ ఆవిడ ముఖంలోకి చూసింది. చదివిందో, చదివేలోపే తను తిప్పేసిందో తెలియలేదు.

"బాగానే ఉన్నానంటోంది ఆంటీ."

"అలాగా," అంది మంగతాయారు. "మంచిది."

వీర్రాజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మంగతాయారు గడ్డం పైకెత్తి, పట్టీ విప్పడానికి వీలుగా నస్రీన్ వైపు వంగింది.

"ఇంక తీసెయ్యమ్మా," అంది. "నేనుంటే అది ఏడవదు."